చిన్న గుండెకు ఎన్ని చేతులు

తల్లి కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఊపిరితిత్తులకు పని ఉండదు. ప్రాణవాయువు మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా అందుతుంది. అందువల్ల గుండెకు చేరిన రక్తంలో చాలా భాగం ఊపిరితిత్తుల వైపు వెళ్లకుండా రెండు దొడ్డిదారుల్లో తప్పుకుంటుంది. ఒకటి గుండె పైగదుల మధ్య గోడలో ఉండే కంత. రెండోది ఊపిరితిత్తుల ధమనినీ బృహద్ధమనినీ కలిపే చిన్న నాళం. బిడ్డ భూమ్మీద పడి మొదటి ఏడుపు ఏడవగానే ఈ ఏర్పాటు మారిపోతుంది. ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి. పైగదుల మధ్య కంతకు తలుపు పడుతుంది. ఆ చిన్న నాళం రెండు మూడు రోజుల్లో ముడుచుకుపోతుంది.

అయితే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు అంత తొందరగా మారవు. కడుపులో ఉన్నప్పుడు దళసరిగా, బిగుతుగా ఉన్న వాటి గోడలు పలచబడి, లోపలి ఒత్తిడి పూర్తిగా తగ్గడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పుట్టుకతో గుండె జబ్బు ఉన్న పిల్లల్లో చాలామంది బతుకు ఈ కొద్ది వారాల మీద ఆధారపడి ఉంటుంది.

గుండె కింది గదుల మధ్య గోడలో పెద్ద చిల్లుతో ఒక బిడ్డ పుట్టిందనుకుందాం. మొదటి రోజుల్లో గోడకు రెండు వైపులా ఒత్తిడి ఇంచుమించు సమానం. చిల్లు ఉన్నా దాని గుండా రక్తం పెద్దగా పారదు. స్టెతస్కోపు పెట్టినా చప్పుడు వినిపించకపోవచ్చు. మూడో రోజున ఇంటికి పంపేటప్పుడు బిడ్డ నిండుగా, ఎర్రగా ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ కుడివైపు ఒత్తిడి పడిపోతుంది. ఎగువ కాలువ గట్టుకు గండి పడితే నీళ్లన్నీ పల్లపు కాలువలోకి పోయినట్టు, ఒంటికంతా పోవాల్సిన రక్తం చిల్లు గుండా కుడివైపుకు మళ్లి ఊపిరితిత్తులను ముంచెత్తుతుంది. గుండె అదే రక్తాన్ని పదే పదే తోడుతూ అలిసిపోతుంది.

అప్పుడు తల్లి చెప్పే మాటలు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒకటే. రెండు గుక్కలు తాగి వదిలేస్తోంది. పాలు తాగుతుంటే నుదురంతా చెమట. డొక్కలు ఎగరేస్తోంది. మాటిమాటికీ నిమ్ము చేస్తోంది. బరువు పెరగడం లేదు. పసిబిడ్డకు పాలు తాగడమే పెద్ద శ్రమ, పెద్దవాళ్లు మెట్లెక్కితే పడే ఆయాసం ఆ బిడ్డకు తల్లి ఒడిలోనే పట్టుకుంటుంది. దీన్ని మామూలు జలుబనీ, పాలు పడటం లేదనీ అనుకుని నెలలు గడిపేసిన ఇళ్లు ఎన్నో.

ఆ నెలలు చాలా విలువైనవి. ఎక్కువ రక్తం, ఎక్కువ ఒత్తిడి తగులుతూ ఉంటే ఊపిరితిత్తుల నాళాలు తమను తాము కాపాడుకోవడానికి గోడలు దళసరి చేసుకుంటాయి. ఏడాది, రెండేళ్లు దాటితే ఆ మార్పు ఇక వెనక్కి రాదు. చివరికి కుడివైపు ఒత్తిడే ఎక్కువై, చెడు రక్తం ఎడమవైపుకు పారి, పిల్ల పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి. వియన్నాకు చెందిన వైద్యుడు విక్టర్ ఐసెన్‌మెంగర్ 1897లో వర్ణించిన స్థితి ఇది. ఆ దశలో చిల్లు మూస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. నాలుగో నెలలో సులువుగా నయం చేయగల జబ్బు నాలుగో ఏట ఏ సర్జనూ ముట్టుకోలేనిదిగా మారవచ్చు.

తీరంలో లెక్క

పుట్టే ప్రతి 1000 మంది పిల్లల్లో 8 లేక 9 మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. కొన్ని చిన్న చిల్లులు వాటంతటవే పూడుకుంటాయి. మన దేశంలో ఏటా రెండు లక్షల మందికి పైగా పిల్లలు ఇలాంటి లోపాలతో పుడుతున్నారని అంచనా. వారిలో దాదాపు ఐదోవంతుకు మొదటి ఏడాదిలోనే చికిత్స కావాలి.

ఈ లోపాలకు తల్లిని నిందించడం మన ఇళ్లలో ఇంకా ఉంది. గర్భం మొదలైన ఎనిమిది వారాలలోపే గుండె గదులు, గోడలు ఏర్పడిపోతాయి. అప్పటికి కొందరు ఆడవాళ్లకు తాము గర్భవతులమన్న సంగతే రూఢిగా తెలియదు. తిన్న తిండి, చేసిన పని, చూసిన గ్రహణం ఇందుకు కారణాలు కావు. మేనరికాల్లో ముప్పు కొంత ఎక్కువని దక్షిణ భారతంలో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగింట ఒక పెళ్లి దగ్గరి బంధువుల మధ్యే జరిగింది. అది పెళ్లికి ముందు పెద్దలు ఆలోచించాల్సిన విషయమే తప్ప, బిడ్డ పుట్టాక తల్లి మీద రుద్దాల్సిన నేరం కాదు.

నెల్లూరు తీరం కావలి దగ్గరి తుమ్మలపెంట నుంచి జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నం మీదుగా దక్షిణాన పులికాట్ సరస్సు దాకా సాగుతుంది. సముద్రంలో వేటకు పోయే మత్స్యకారుల పట్టపుపాలేలు, రొయ్యల గుంటల దగ్గర కాపలాకు, కూలికి కుదిరే యానాదుల గుడిసెలు, వరి పండించే రైతుల ఊళ్లు ఈ దారి పొడవునా ఉన్నాయి. రాష్ట్రంలో నూటికి 96కు పైగా కాన్పులు ఇప్పుడు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి కాబట్టి ఈ పిల్లలు కూడా డాక్టరో, నర్సో చూస్తుండగా పుడుతున్నారు. కానీ ఆ చూపు మొదటి మూడు రోజులతో ఆగిపోతుంది. పైన చెప్పుకున్న జబ్బు బయటపడేది ఆ తర్వాత.

పసిబిడ్డ గుండెకు కష్టమైన ఆపరేషన్ కావాలంటే ఇక్కడి కుటుంబాలు మూడు దిక్కులకు చూస్తాయి. దక్షిణాన చెన్నై, పడమరగా తిరుపతి, ఉత్తరాన విజయవాడ. తిరుపతి సుమారు 130 కిలోమీటర్లు, చెన్నై 175, విజయవాడ 280 దాకా. వేటకు పోతేనో, గుంట దగ్గర నిలబడితేనో పూట గడిచే ఇంటికి ఆ దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే చాలదు. ఇద్దరు పెద్దవాళ్ల కూలి, ఇంటి దగ్గర వదిలేసిన మిగతా పిల్లలు, ఆసుపత్రి వరండాలో గడిపే రాత్రులు కూడా ఆ దూరంలో భాగమే.

సాయం వచ్చిన మూడు దారులు

పిల్లల గుండె శస్త్రచికిత్సకు వయసు ఇంకా నూరేళ్లు కాలేదు. 1944 నవంబరులో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ అనే సర్జన్, హెలెన్ టాసిగ్ అనే పిల్లల గుండె వైద్యురాలి ఆలోచన ప్రకారం, ఊపిరితిత్తులకు రక్తం చాలక ఒళ్లు నీలంగా మారిన బిడ్డకు ఆ రక్తం పెంచే ఆపరేషన్ చేశారు. ఆ పద్ధతిని ప్రయోగశాలలో సిద్ధం చేసిన వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు ఆపరేషన్ సాగినంతసేపూ సర్జన్ వెనక నిలబడి చెబుతూ ఉన్నాడు. 1953లో జాన్ గిబ్బన్ గుండె-ఊపిరితిత్తుల యంత్రాన్ని వాడి, గుండెను తెరిచి చిల్లు మూశాడు. ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో ధనిక దేశాల పిల్లలకు ఈ చికిత్స మామూలైంది. మిగతా ప్రపంచం వెనకబడిపోయింది. లోకంలో 170 కోట్ల మంది పిల్లలకు అవసరమైన శస్త్రచికిత్స అందుబాటులో లేదని 2019లో వెలువడిన ఒక అంచనా చెప్పింది.

ఈ అగాధాన్ని దాటించడానికి మూడు దారులు పుట్టాయి. మొదటిది బిడ్డను విమానం ఎక్కించి ధనిక దేశానికి తీసుకుపోవడం. 1975లో న్యూయార్క్ ప్రాంతపు రోటరీ సభ్యులు ఉగాండా నుంచి ఒక అమ్మాయిని ఆపరేషన్‌కు రప్పించారు, 'గిఫ్ట్ ఆఫ్ లైఫ్' అనే ఉద్యమం అలా మొదలైంది. అందులో మానవత్వానికి లోటు లేదు. కానీ ఒక బిడ్డకయ్యే ఖర్చు చాలా ఎక్కువ, ఆ బిడ్డ దేశంలో ఏ చెయ్యీ కొత్త పని నేర్చుకోదు. రెండోది డాక్టర్ల బృందమే సామాను సర్దుకుని పేద దేశానికి రావడం. మూడోది బయటివాళ్లు వచ్చి, స్థానిక బృందం సొంతంగా నిలబడేదాకా వాళ్ల పక్కన ఉండటం.

కాలక్రమంలో మూడోది ఆఖరున వచ్చిందనుకుంటే పొరపాటు. నెల్లూరు వాళ్లకు బాగా తెలిసిన వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో అది ఏనాడో జరిగింది. రీవ్ బెట్స్ అనే అమెరికన్ ఛాతీ సర్జన్ అక్కడికి వచ్చి 1949లో దేశంలోనే మొదటి ఛాతీ శస్త్రచికిత్స విభాగాన్ని నెలకొల్పాడు. ఆపరేషన్లు చేయడంతో సరిపెట్టక మన యువ డాక్టర్లను తన పక్కన నిలబెట్టుకుని తయారుచేశాడు. 1960ల మొదట్లో ఆ విభాగంలోనే డాక్టర్ ఎన్. గోపీనాథ్ దేశంలో గుండె తెరిచి చేసే ఆపరేషన్‌ను విజయవంతం చేశారు. అతిథి వేసిన విత్తనం ఇంటివాళ్ల చేతిలో పంటకు వచ్చింది.

విజయవాడలో ఒక వారం

మన కాలంలో తెలుగు నేల మీద ఇలాంటి భాగస్వామ్యానికి బాగా తెలిసిన ఉదాహరణ విజయవాడది. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో పనిచేసే పిల్లల వైద్యుడు డాక్టర్ సంజీవ్ నిచాని 2007లో 'హీలింగ్ లిటిల్ హార్ట్స్' అనే స్వచ్ఛంద సంస్థను మొదలుపెట్టారు. బ్రిటన్‌లోని సర్జన్లు, మత్తు డాక్టర్లు, ఇంటెన్సివ్ కేర్ నిపుణులు, నర్సులు తమ సెలవులు వెచ్చించి వచ్చి, మన ఆసుపత్రుల్లో వారం రోజుల చొప్పున శిబిరాలు నిర్వహిస్తారు. విజయవాడలో ఆంధ్రా హాస్పిటల్స్ వారితో చేయి కలిపింది. నటుడు మహేశ్ బాబు ఈ పనికి అండగా నిలిచారు. ఆయన తోడ్పాటుతో గుండె చికిత్స పొందిన పిల్లల సంఖ్య ఎప్పుడో వెయ్యి దాటింది.

అలాంటి వారంలో థియేటర్ లోపల జరిగేదేమిటో దగ్గరగా చూద్దాం. బల్ల మీద నాలుగు కిలోల బిడ్డ. ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా 350 మిల్లీలీటర్లకు మించదు. పెద్దవాళ్లలో లెక్కలోకి రాని పది మిల్లీలీటర్ల నష్టం ఇక్కడ పెద్ద విషయం. రొమ్ము ఎముక తెరిచి, రక్తాన్ని గొట్టాల ద్వారా యంత్రానికి మళ్లిస్తారు. దాన్ని నడిపే పెర్‌ఫ్యూజనిస్ట్ కళ్లు ఒత్తిడి, ఉష్ణోగ్రత, ప్రవాహం అంకెల మీదే ఉంటాయి. పొటాషియం కలిపిన చల్లటి ద్రావణం ఎక్కించగానే గుండె కొట్టుకోవడం ఆగుతుంది. సర్జన్ కుడి పైగదిని తెరిచి, కవాటాన్ని పక్కకు జరిపి, చిల్లును వెతికి, డాక్రాన్ గుడ్డనో, బిడ్డ గుండె పైపొర ముక్కనో కత్తిరించి అతుకు వేస్తారు. చిల్లు అంచు వెంటే గుండె లయను నడిపే సన్నటి తంతువుల కట్ట పోతూ ఉంటుంది. అది కంటికి కనబడదు. ఒక్క కుట్టు అటు పడితే బిడ్డకు జీవితాంతం పేస్‌మేకర్ కావచ్చు. అది ఎక్కడ ఉంటుందో తెలిసిన అనుభవజ్ఞుడి చేయి పక్కనే ఉండటం కొత్త సర్జన్‌కు పుస్తకం ఇవ్వలేని పాఠం.

కానీ బిడ్డ గట్టెక్కేదీ లేనిదీ తేలేది ఎక్కువగా ఆ తర్వాతి రాత్రే. గుండెను ఆపి మళ్లీ నడిపించాక తొలి ఆరు నుంచి పద్దెనిమిది గంటల్లో దాని బలం ఒకసారి తగ్గుతుంది. ఆ సమయంలో ఐసీయూ నర్సు గంట గంటకూ బిడ్డ పాదాలు ముట్టుకుని చూస్తుంది, వెచ్చగా ఉన్నాయా, చల్లబడుతున్నాయా అని. కిలో బరువుకు గంటకు ఒక మిల్లీలీటరు చొప్పునైనా మూత్రం వస్తోందా అని కొలుస్తుంది. ఛాతీ గొట్టంలో రక్తం ఎంత చేరిందో, ఒక్కసారిగా ఆగిపోయిందేమో గమనిస్తుంది. ఊపిరితిత్తుల ఒత్తిడి అప్పటికే పెరిగి ఉన్న బిడ్డకైతే గొంతు గొట్టంలోని కఫం తీయడం కూడా ప్రమాదమే. ఆ కొద్ది క్షణాల్లో నాళాలు బిగుసుకుపోయి రక్తపోటు పడిపోవచ్చు. ముందుగా మత్తు పెంచి, ఆక్సిజన్ పెంచి, ఇద్దరు కలిసి ఆ పని చేయాలని తెలిసిన నర్సు ఉంటే బిడ్డ నిలుస్తుంది.

శిబిరంలో చివరి బిడ్డకు శుక్రవారం ఆపరేషన్ అయితే విదేశీ బృందం ఆదివారం విమానం ఎక్కుతుంది. సోమవారం రాత్రి రెండు గంటలకు ఆ మంచం పక్కన ఉండేది మన నర్సే. కాబట్టి వచ్చిన నర్సు ఇక్కడి నర్సుకు ఏం అప్పజెప్పి వెళ్లిందన్నది, సర్జన్ ఎన్ని గుండెలు బాగుచేశాడన్న దానికన్నా తక్కువ ప్రశ్న కాదు. మంచి భాగస్వామ్యాలు ఒకే ఆసుపత్రికి మళ్లీ మళ్లీ వస్తాయి. మొదట తేలికైన చిల్లులు, తర్వాత 1888లో ఫాలో అనే వైద్యుడు వర్ణించిన నాలుగు లోపాల జబ్బు, బాగా కుదురుకున్నాకే రోజుల పసికందులు, ఇలా మెట్టు మెట్టుగా ఎక్కిస్తాయి. మొదట అతిథి చేస్తుంటే స్థానికుడు సాయం పడతాడు, తర్వాత స్థానికుడు చేస్తుంటే అతిథి సాయం పడతాడు, ఆఖరుకు అతిథి లేకుండానే పని జరుగుతుంది.

విమానం ఎక్కని సాయం

నేర్పడానికి ప్రతిసారీ రావాల్సిన పని కూడా లేదని బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్ చూపించింది. అక్కడి గుండె వైద్యురాలు కేథీ జెంకిన్స్ నాయకత్వంలో 2000ల చివర్లో మొదలైన అంతర్జాతీయ నాణ్యతా కూటమి, పేద, మధ్యాదాయ దేశాల ఆసుపత్రులను ఒకచోట చేర్చింది. ప్రతి ఆసుపత్రీ తాను చేసిన ప్రతి ఆపరేషన్‌నూ, దాని ఫలితాన్నీ దాచకుండా నమోదు చేస్తుంది. ఆన్‌లైన్‌లో పాఠాలు జరుగుతాయి. ఆ పాఠాల్లో కొత్త యంత్రాల ఊసు పెద్దగా ఉండదు. మూడు విషయాలే ముఖ్యం. ఆపరేషన్ చుట్టూ భద్రత, చేతులు కడగడం లాంటి అలవాట్లతో ఇన్‌ఫెక్షన్ తగ్గించడం, ఏదో తేడా కనబడినప్పుడు నర్సు కూడా ధైర్యంగా నోరు విప్పగల జట్టు పని. 17 దేశాల్లోని 28 కేంద్రాల్లో 15,000కు పైగా ఆపరేషన్ల లెక్కలు తీస్తే మరణాలు, ఇన్‌ఫెక్షన్లు రెండూ తగ్గాయని 2014లో ప్రచురించారు. పెద్ద డాక్టర్ ముందు చిన్న నర్సు మాట్లాడకూడదన్న మన ఆసుపత్రుల పాత మర్యాద పిల్లల ప్రాణాల మీదికి తెస్తుందని ఆ అంకెలు సూచిస్తున్నాయి.

ఇంకో మాట. కొత్త శస్త్రచికిత్సలన్నీ ధనిక దేశాల్లోనే పుట్టలేదు. రెండు పెద్ద ధమనులు తారుమారుగా పుట్టిన పసికందుకు వాటిని మార్చి అతికే ఆపరేషన్‌ను 1975లో మొదట విజయవంతంగా చేసింది బ్రెజిల్ సర్జన్ అడిబ్ జాటెనె. నేర్చుకున్నవాళ్లు నేర్పేవాళ్లు కావడానికి హద్దుల్లేవు.

తిరుపతి ఇందుకు దగ్గరి సాక్ష్యం. తిరుమల తిరుపతి దేవస్థానం 2021 అక్టోబరు 11న బర్డ్ ఆసుపత్రి ప్రాంగణంలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభించింది. డాక్టర్ ఎన్. శ్రీనాథ్ రెడ్డి దానికి సారథి. ఏడాదిన్నర తిరక్కముందే వెయ్యికి పైగా గుండె చికిత్సలు చేశారు. 2023లో గుండె మార్పిడి కూడా చేశారు. భక్తుల కానుకలు, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, ఇక్కడే స్థిరపడిన నిపుణులు, ఈ మూడూ కలిసి నెల్లూరు బిడ్డకు చెన్నైకన్నా దగ్గరలో ఒక గుమ్మం తెరిచాయి. బయటి బృందం రాకపోతే ఆపరేషన్ లేదన్న రోజులు ఈ ప్రాంతానికి పోయాయి. ఇప్పుడు లోటు వేరేచోట ఉంది.

మొదటి లంకె

ఆ లోటు థియేటర్‌లో కాదు, ఊళ్లో ఉంది. బిడ్డ సమయానికి తిరుపతికి చేరాలంటే ఎవరో ఒకరు అనుమానపడాలి. అందుకు కావాల్సిన మనిషి ఇప్పటికే మన దగ్గర ఉంది. ఆశా కార్యకర్త పుట్టిన 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లి బిడ్డను చూడాలన్నది ప్రభుత్వ నియమం. ఆ 42వ రోజుకు ఆరు వారాలు నిండుతాయి. మొదటి పెంటావలెంట్ టీకా కూడా అప్పుడే. గుండెలో పెద్ద చిల్లు లక్షణాలు బయటపడేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ పూట మూడు పనులు చాలు. బిడ్డను తూచాలి. మొదటి నెలల్లో రోజుకు 25–30 గ్రాములు పెరగాల్సిన బిడ్డ పెరగడం లేదంటే ఆరా తీయాలి. నిద్రపోతున్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి, 60కి తగ్గకపోతే ప్రమాదమే. పాలు తాగేటప్పుడు చెమట పడుతోందా, ఆగి ఆగి తాగుతోందా అని తల్లిని అడగాలి.

ఇంకొన్ని జబ్బులు ఆరు వారాలు ఆగవు. కడుపులో దొడ్డిదారిగా పనిచేసిన ఆ చిన్న నాళం మీదే బతికే పిల్లలు ఉంటారు. అది మూసుకోగానే రోజుల్లోనే కుప్పకూలిపోతారు. వారికోసం పుట్టిన 24 గంటల తర్వాత కుడి చేతికీ, ఒక కాలికీ పల్స్ ఆక్సిమీటర్ పెట్టి చూడాలి. రెంటిలో ఒకటైనా 95 శాతానికి చేరి, తేడా 3కు మించకుండా ఉంటే సరే. 90 లోపు ఉంటే వెంటనే పంపాలి. కోవిడ్ కాలంలో ఆక్సిమీటర్ ఇంటింటికీ తెలిసిన వస్తువైంది. పసికందు కాలికి సరిపోయే ప్రోబ్ ఒకటి ప్రతి కాన్పుల గదిలో ఉంటే చాలు. నాళం మూసుకోకుండా ఆపే ప్రోస్టాగ్లాండిన్ మందు జిల్లా ఆసుపత్రిలో సిద్ధంగా ఉంటే బిడ్డ దారిలో ప్రాణంతో ఉంటుంది.

కేరళ 2017లో 'హృద్యం' పేరుతో ఈ లంకెలన్నిటినీ కలిపింది. అనుమానం వచ్చిన బిడ్డ పేరు ఆన్‌లైన్‌లో నమోదైతే గుండె వైద్యులు చూసి, ఎంత తొందర ఉందో తేల్చి, ఖాళీ ఉన్న ఆసుపత్రికి పంపుతారు. మన రాష్ట్రంలోనూ 2013లో దేశమంతటా మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలను పరీక్షించే బృందాలు, జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. వాటిని తిరుపతి, విజయవాడ ఆసుపత్రుల ఎకో (గుండె స్కానింగ్) గదులతో రోజువారీగా ముడివేయడమే మిగిలిన పని.

ఆపరేషన్ తర్వాతి బాధ్యత కూడా ఊళ్లోదే. వంకరపాదాల చికిత్స ఈ సంగతిని బాగా రుజువు చేస్తుంది. అయోవా విశ్వవిద్యాలయంలో ఇగ్నాసియో పోన్సెటి రూపొందించిన పద్ధతిలో పెద్ద కోతలు ఉండవు. వారానికొక పిండికట్టు చొప్పున పాదాన్ని మెల్లగా తిప్పుతారు. విదేశీ సంస్థల తోడ్పాటుతో మన ప్రభుత్వాసుపత్రుల్లో ఎన్నో చోట్ల ఈ క్లినిక్‌లు నడుస్తున్నాయి. కట్లు తీశాక నాలుగేళ్ల వయసు దాకా రాత్రిళ్లు ప్రత్యేకమైన బూట్లు తొడగాలి. తొడగడం మానేస్తే పాదం మళ్లీ వంకరపోతుంది. గుండెకైనా అంతే. మందులు, పళ్ల శుభ్రత, ఏటేటా ఎకో తప్పవు. పనికోసం రొయ్యల గుంట నుంచి గుంటకు మారే కుటుంబం వెంట బిడ్డ ఆసుపత్రి చీటీ కూడా వెళ్లాలి.

కాబట్టి ఏ విదేశీ బృందం వచ్చినా చేతులు జోడించి స్వాగతిద్దాం, కొన్ని ప్రశ్నలు కూడా అడుగుదాం. మీరు వెళ్లిన తర్వాతి ఆరు నెలల్లో ఇక్కడి బృందం సొంతంగా ఎంతమంది పిల్లలకు ఆపరేషన్ చేసింది? వారిలో అతి చిన్న బిడ్డ బరువెంత? ఎంతమంది నర్సులు రాత్రి డ్యూటీ ఒంటిచేత్తో నడపగలిగారు? నెల్లూరులో పసిపిల్లల ఎకో తీయగల టెక్నీషియన్‌ను ఒకరిని తయారుచేశారా? మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది. మన తీరం నుంచి వెళ్లిన పిల్లల్లో ఎంతమంది ఏడాది నిండకముందే చేరారు? ఈ అంకె ఏటా పెరిగితే ఆశా కార్యకర్త నుంచి సర్జన్ దాకా అందరి కష్టం ఫలించినట్టు. పెరగకపోతే ఎంత గొప్ప థియేటర్ కట్టినా, ఎంత గొప్ప బృందం వచ్చినా, నయం చేయగల బిడ్డను పోగొట్టుకుంటూనే ఉంటాం. జిల్లా ఆరోగ్యశాఖ ఈ ఒక్క లెక్కను ప్రతి ఏడాదీ ప్రజల ముందు పెట్టాలి. అడిగే హక్కు ప్రతి తల్లిదీ.